పేరు ముందు రెండక్షరాలు

దేవేంద్రని స్టోర్ గదిలోకి తోసి బయట గడియ పెట్టేశారు. అతని ఫోన్ మేనేజరు నరసింగరావు చొక్కా జేబులో మోగుతోంది, ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. గోడ గడియారం పదీ అయిదు. పదకొండింటికి డయాలసిస్ రెండో బ్యాచ్ యంత్రాల మీదికి ఎక్కాలి. పదకొండింటికే నరసింగరావు పోలీసులకి ఫోన్ చెయ్యాలి. ఈ రెండింటికీ మధ్యలో, పై గదిలో, సెంటరు కంప్యూటర్లు చూసుకునే అర్చన, ఆమె ముందు కంప్యూటరు, అందులో చీమ నడకలా కదులుతున్న ఆకుపచ్చ గీత. శనివారం మధ్యాహ్నం తీసి దాచిన రోగుల డేటాబేస్ కాపీ తెరుచుకుంటోంది. ఇంకా నలభై తొమ్మిది నిమిషాలు, అంటోంది గీత. ఎడమ మోచెయ్యి బల్లకి ఆనింది, చురుక్కుమంది. చెయ్యి తీసేసింది. రెండు రోజులుగా అక్కడ గీరుకుపోయి ఉంది, ఎక్కడ గీరుకుందో గుర్తు లేదు. అదా ఇప్పుడు ఆలోచించాల్సింది? ఆలోచించాల్సింది దేవేంద్ర గురించి. "లాగ్‌లో దేవేంద్ర పేరుంది సర్, శనివారం అయిదూ నలభై," అని పొద్దున, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కంప్యూటరు రాసుకునే ఆ చిట్టా చూసి చెప్పింది ఆమే. చెప్పగానే నరసింగరావు మొహంలో కనిపించినది ఆశ్చర్యం కాదేమో అనిపించింది, ముందే ఆ పేరు కోసం ఎదురుచూస్తున్నట్టు తలూపాడు. ఎందుకలా ఊపాడు? అతనికీ ఇందులో ఏమన్నా ఉందా? ఈ సెంటర్లో ఎవరి మొహం చూసినా ఏదో దాస్తున్నట్టే ఉంది ఇవాళ.

జరిగింది చెప్పుకుంటే చిన్నదే. హాల్లో ఎనిమిది యంత్రాలు, చివర తలుపు వేసిన గదిలో రెండు. రక్తంలో కామెర్ల వైరస్ ఉన్నవాళ్లకి ఆ చివరి గది, పసుపు గది అంటారు అందరూ. అక్కడి యంత్రం మీద ఎక్కినవాళ్లు హాల్లో యంత్రం ముట్టుకోకూడదు, ముట్టుకుంటే తరవాత దాని మీద పడుకున్నవాడి రక్తంలోకీ అదే వచ్చి చేరే ప్రమాదం. ఎవరు ఎక్కడ పడుకోవాలో కంప్యూటరు చీటీ కొట్టి ఇస్తుంది. ఇవాళ సోమవారం, కొత్త చీటీలు. ఆరింటి బ్యాచ్ అంతా విజయనగరం టౌన్ వాళ్లే, ఏ గొడవా లేకుండా పది లోపల అయిపోయింది. తొమ్మిదిన్నరకి భోగాపురం వైపు బస్సు దిగినవాళ్లకి చీటీలు ఇస్తుంటే, పదేళ్లుగా ఇక్కడ సూదులు పెడుతున్న సూరయ్య ఒక చీటీ చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. అసిరమ్మ, హాలు, మూడో నంబరు. అసిరమ్మ రెండేళ్లుగా పసుపు గది మనిషి. అసిరమ్మ దేవేంద్ర తల్లి. కౌంటర్లో చీటీలు కొట్టే కంప్యూటరు దేవేంద్రది. ఇక కలిపి చదువుకోడానికి ఏం మిగిలింది?

పసుపు గదిలోకి వెళ్లడానికి ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ తలుపు దగ్గర నిలబడితే మిగతావాళ్లు చీర కొంగు దగ్గరికి లాక్కుంటారు. బస్సులో పక్కన కూర్చునేవాళ్లు లేచి ఇంకో సీటుకి పోతారు. ఇది అర్చన కళ్లారా చూసింది. అలాంటి గదిలోంచి తల్లిని బయటికి తేవాలని కొడుక్కి అనిపించదా? ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదిగా మాట్లాడతాడు. నెమ్మదిగా మాట్లాడేవాళ్లనే చూసుకోవాలి. శనివారం సాయంత్రం టీ తెచ్చాడు కదా, ఏనాడూ తేనివాడు ఆవేళే ఎందుకు తెచ్చాడు? గాజు గ్లాసు, అడుగున తడి, బల్ల మీద గుండ్రంగా మరక. "అల్లం ఏసినారు మేడం, వేడిగా తాగేయండి," అన్నాడు. ఎందుకంత మర్యాద? ఆమెని అక్కడ ఉంచడానికా, అక్కడినుంచి పంపడానికా? అయిదూ నలభై. ఆమె ఆరుంపావు పాసింజరు అందుకోవాలి, కొత్తవలసలో అక్క కన్యాకుమారి వంట చేసి ఎదురుచూస్తోంది. ఆ తొందర అతను కనిపెట్టే ఉంటాడు. మనిషి తొందరలో ఉన్నప్పుడే పక్కవాడి చేతులు పని చేస్తాయి.

వరండా బెంచీ మీంచి ఒకటే గొంతు. అసిరమ్మ. కిటికీ కిందనే కూర్చుంది, పక్కన అక్కగారు, ఇద్దరివీ ఒకే ముక్కు, ఒకే బొట్టు, ఒకేలా వాచిన పాదాలు. అక్కచెల్లెళ్లు ఇద్దరూ ఒకే ఇంటి అన్నదమ్ముల్ని చేసుకుని ఒకే ఊళ్లో ఉన్నారు, ఇద్దరికీ మూత్రపిండాలు పోయాయి, వారానికి రెండుసార్లు ఒకే బస్సులో వస్తారు. అక్క హాల్లోకి, చెల్లెలు పసుపు గదిలోకి. "ఓలమ్మా, మా గుంటడ్ని ఎందుకు గదిలో ఎట్టినారో ఒక్కలన్నా సెప్పరేటి? ఆడేటి సేసినాడు? కోడిని దొంగిలించినాడా?" అని చెల్లెలు. "నోరు మూసుకోవే, ఊపిరాడక సస్తావు," అని అక్క. "సస్తే సస్తాను. పెతీ సారీ నా సీటీ మీద సిన అసిరమ్మ అని ఉంటాది. ఇయ్యాల ఉత్త అసిరమ్మ అని ఉన్నాది. నీ దాని మీదా ఉత్త అసిరమ్మే. ఈ ఉత్త అసిరమ్మ ఎవులే? మనకి మూడో అప్ప ఉన్నాదా?" చుట్టూ బెంచీల్లో నలుగురు నవ్వారు. అర్చన కిటికీ రెక్క వేసేసింది. కూడబలుక్కుని చదివేవాళ్లకి ప్రతి అక్షరం మీదా అనుమానమే, అనుకుంది. నలభై నిమిషాలు.

ఉత్త అసిరమ్మ. ఈ ప్రాంతం పేర్లే అంత. ఏ తల్లికి మొక్కుకుంటే ఆ తల్లి పేరే బిడ్డకి, రెండో బిడ్డకీ అదే, అప్పుడు ముందు పెద అని, సిన అని రెండక్షరాలు తగిలిస్తారు. పెద ఎర్రన్న, సిన ఎర్రన్న. పెద కూర్మమ్మ, సిన కూర్మమ్మ. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోగుల జాబితా చూసి తల పట్టుకుంది అర్చన. చిన్న అని ఒకచోట, సిన్న అని ఒకచోట, సిన అని ఒకచోట, ఎస్ అని ఇంగ్లీషు అక్షరం ఒకచోట. పక్షులు రెట్ట వేసిన గోడలా ఉంది జాబితా. ఇంట్లో కూడా ఇదే గోల. గంటస్తంభం దగ్గర నాన్న రంగనాథం పప్పుల కొట్టు, గుమ్మంలో నిలబడి పనివాళ్లిద్దర్నీ వీధి చివరికి వినబడేలా పిలుస్తాడు, "ఒరే సిన ఎర్రన్నా, పెద ఎర్రన్న ఏడిరా?" స్కూలు యూనిఫారంలో ఉన్న అర్చన సిగ్గుతో లోపలికి పరిగెత్తేది. ఒట్టి ఎర్రన్న అంటే సరిపోదా? "సరిపోదే," అనేవాడు నాన్న. "ఒట్టి ఎర్రన్న అంటే ఇద్దరూ వస్తారు, లేదా ఇద్దరూ రారు." ఇద్దరూ వస్తారు. ఎందుకు గుర్తొస్తోంది ఇది? గీత సగానికి వచ్చింది. ఇంకా ముప్పై మూడు నిమిషాలు.

నరసింగరావు లోపలికొచ్చాడు, చెమట, జేబులో ఇంకొకరి ఫోన్ మోత. "ఏటమ్మా అర్చనా, ఎంతసేపు? బెంచీల మీద పది మంది. ఒకావిడకి ఆయాసం మొదలైంది. ఆ ఒక్క వరసా సరిచేసేసి పదకొండుకి మొదలెట్టేద్దాం. అసిరమ్మని పసుపు గదికి మార్చెయ్, అయిపోయె." "ఒక్కటే మార్చాడని ఎలా తెలుస్తుంది సర్? అలవాటైన చెయ్యి ఒక్కదానితో ఆగుతుందా? పాత కాపీతో మొత్తం పోల్చాలి." అతను ఆమెకేసి వింతగా చూశాడు. "మరి నువ్వు శనివారం ల్యాబు రిజల్టులు ఎక్కించావు కదా. అదేటీ కాదు కదా?" "అది నేను పరీక్షించే నడిపాను సర్. ఎనభై రెండు మంది రోగులు, ఎనభై రెండు మార్పులు. ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు." "అలగయితే సరే," అని వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగాడు? తన మెడ తప్పించుకోడానికా? ఈ సెంటరు పెట్టినవాళ్లు పైనుంచి అడిగితే ఎవరో ఒకరిని చూపించాలి. దేవేంద్ర దొరక్కపోతే అర్చన దొరుకుతుంది. అందుకే దేవేంద్ర దొరకాలి. ఛ, అందుకే కాదు, అతను చేశాడు కాబట్టి. లాగ్‌లో పేరుంది కాబట్టి.

దేవేంద్ర గట్టిగా అరిచినా బాగుండేది. పొద్దున గడియ పెడుతుంటే ఆమెకేసే చూశాడు, ఏదో అడగబోయి మానేశాడు. "మేడం, శనివారం..." అని, అంతే. శనివారం ఏమిటి? బతిమాలబోయాడా, బెదిరించబోయాడా? సూరయ్య మాత్రం స్టోర్ తలుపు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చున్నాడు, కాపలాకా, తోడుకా తెలీదు. సూరయ్యనీ నమ్మలేం. ఆ చీటీ అతని చేతికే మొదట ఎందుకు వచ్చింది? మొహం చూసి పసిగట్టానంటాడు. మొహం చూసి. కంప్యూటరు లేని రోజుల్లో అలాగే నడిచేది కాబోలు, మొహాలు చూసి, పక్కన పెద, సిన రాసుకుని.

మోచెయ్యి మళ్లీ చురుక్కుమంది. కుర్తా చెయ్యి పైకి లాగి చూసుకుంది. రెండంగుళాల గీత, చుట్టూ పసుపు మరక. శనివారం రాత్రి కన్యాకుమారి అద్దింది పసుపు. "ఎక్కడ గీరుకున్నావే? రక్తం గడ్డకట్టింది, చూసుకోలేదూ?" "రైల్లో ఏ మేకు మొనో తగిలిందేమోనక్కా." రైల్లో కిటికీ తనకి కుడిపక్కన ఉంది. ఎడమ మోచేతికి ఏం తగులుతుంది? అలమండ దాటాక చీకటి, పక్కన ఎవరూ లేరు. ఎవరూ లేరు, తగిలేదీ లేదు. పోనీలే. ఆవేళ ఒకటే తొందర. పైన తన గదిలో కరెంటు పోయింది, యూపీఎస్ కుయ్యి కుయ్యిమంటూ చచ్చిపోయింది, మధ్యాహ్నం ఇదే పని ప్రయోగంగా నడిపి వెనక్కి తీసేసింది, సాయంత్రం నిజంగా నడపాలి, రైలు ఆరుంపావుకి. కింద కౌంటర్లో ఇన్వర్టరు ఉంది. ఆ ఆలోచన అక్కడ ఆగింది. ముందుకి కదలనంది. గీత ఎనభై దాటింది. పదీ నలభై ఒకటి.

కాపీ తెరుచుకుంది. అర్చన వేళ్లు పరిగెత్తాయి. ముందు పోలిక. శనివారం మధ్యాహ్నం ఎవరిది ఏ గది, ఇప్పుడు ఏ గది. తేడా ఉన్నవాళ్లు మాత్రమే. ఒక్కటి వస్తుందనుకుంది, అసిరమ్మ. తొమ్మిది వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిది మంది. నలుగురు పసుపు గదిలోంచి హాల్లోకి వచ్చేశారు, అయిదుగురు హాల్లోంచి పసుపు గదిలోకి పోయారు. అందరి మార్పూ అయిదూ నలభైకే, అందరిదీ దేవేంద్ర లాగినే. చూశావా, ఒక్కదానితో ఆగలేదు. తల్లి కోసం ఒకటి, మిగతా ఎనిమిదీ ఎవరికోసం? హాల్లోంచి పసుపు గదిలోకి ఎవరిని పంపుతాడు, ఎవరి మీద కక్ష? ఎర్రన్న. కూర్మమ్మ. జగ్గమ్మ. ఈ మనుషుల మీద ఎవరికి కక్ష ఉంటుంది, తాటాకు పాకల్లో ఉండేవాళ్ల మీద? అయినా ఒకే నిమిషంలో తొమ్మిదింటిని చేత్తో మార్చగలడా? దేవేంద్రకి పేరు టైపు చెయ్యడానికే రెండు నిమిషాలు పడుతుంది. ఒకే నిమిషంలో ఇన్ని మారాయంటే అన్ని వరసల్నీ ఒకేసారి మార్చే ఒకటే ఆజ్ఞ కంప్యూటర్లో నడిచి ఉండాలి. ఆజ్ఞ రాయడం ఈ భవనంలో ఒక్క మనిషికే వచ్చు.

కాదు. తన ఆజ్ఞ సరైనది. సరైనదని ఇప్పుడే తేల్చేస్తుంది, నరసింగరావు వింత చూపుకి అదే జవాబు. పాత కాపీ మీద అదే పని మళ్లీ నడిపితే, ఈ తొమ్మిదీ మారకుండా రావాలి, వస్తే ఆ తరవాత ఎవడో చెయ్యి పెట్టినట్టే. రోగుల జాబితా, ల్యాబు జాబితా. పేరూ ఊరూ కలిసినచోట ల్యాబు చెప్పిన ఫలితం చూసి గది మార్చు. కానీ ఈసారి ఎన్ని మార్చావో చెప్తే చాలదు. ఏ వరస చూసి మార్చావో అది కూడా వెనక్కి తెచ్చి చూపించు. రిటర్నింగ్ అని ఒక్క మాట చివర చేరిస్తే చాలు, మార్చిన వరసతో పాటు, పక్క జాబితాలో దేన్ని చూసి మార్చిందో అదీ తెచ్చి ముందు పెడుతుంది. కాలేజీలో నేర్చుకుంది, అంతకన్నా ముందు కొట్టులో నేర్చుకుంది. గోడౌను నుంచి కందిపప్పు తెచ్చిన ఎర్రన్నని నాన్న వదిలేవాడు కాదు. "తెచ్చావు సరే. ఏ బస్తాలోది?" "మూలనున్నదాన్లోదండీ." "మూల రెండున్నాయిరా. పాతదా, కొత్తదా?" అది చెప్పేదాకా తూకం ముట్టుకునేవాడు కాదు. శనివారం ఆమె అడగలేదు. రైలుకి టైమవుతోంది, ఎనభై రెండు అని తెర మీద పడింది, చాలనుకుంది. ఏ బస్తాలోది అని అడగలేదు.

ల్యాబు జాబితాలో, రక్తం తీసిన సీసా మీద నర్సు రాసిన పేరు వేరే గడిలో ఉంటుంది, రాసింది రాసినట్టు. అదే చూపించమంది. రోగిది పాత పేరు, పాత గది, కొత్త గది, ఏ సీసా చూసి మార్చిందో ఆ సీసా మీది పేరు. ఎంటర్ నొక్కింది. వరసలు జారాయి. డెబ్భై దాకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు కనబడింది. సిన అసిరమ్మ, పసుపు గది, హాలు, సీసా మీద: పెద అసిరమ్మ. దాని కింద, పెద అసిరమ్మ, హాలు, హాలు, సీసా మీద: పెద అసిరమ్మ. ఇద్దరికీ ఒకే సీసా. చెల్లెలి సీసాని ఎవరూ ముట్టుకోనే లేదు. పెద ఎర్రన్న, హాలు, పసుపు గది, సీసా మీద: సిన ఎర్రన్న. సిన కూర్మమ్మకి పెద కూర్మమ్మ రక్తం. పెద జగ్గమ్మకి సిన జగ్గమ్మ రక్తం. తొమ్మిదీ ఆ తొమ్మిదే. ఒట్టి పేరు పెట్టి పిలిస్తే ఇద్దరూ వచ్చారు, ఎవరు ముందుంటే వాళ్లని పట్టుకుపోయింది కంప్యూటరు, రెండోవాళ్లని వదిలేసింది. ఎవరిని పట్టుకుందో చెప్పమని అడిగినవాళ్లు లేరు. లెక్క మాత్రం సరిపోయింది, ఎందుకంటే ఎంతమంది వచ్చి నిలబడినా ఒక్కో రోగి ఒక్కసారే మారతాడు.

ఒట్టి పేరు ఎలా అయింది? పాత కాపీలో పెద, సిన ఉన్నాయి కదా. ఆజ్ఞలో మొదటి వాక్యం చూసింది. తన వాక్యమే. పేరు ముందున్న పెద, సిన, చిన్న, సిన్న తీసెయ్. రెండు జాబితాల్లోనూ తీసెయ్, అప్పుడు పేర్లు కలుస్తాయి. పక్షి రెట్ట కడిగేసిన గోడ. పొద్దున నరసింగరావు "ఎవరు మార్చారు?" అని అడిగినప్పుడు తన పేరు తనకి ఎందుకు తట్టలేదో ఇప్పుడు తెలిసింది. ఆమె లెక్కలో ఆమె ఏదీ మార్చలేదు. శుభ్రం చేసింది.

కానీ లాగిన్. లాగిన్ దేవేంద్రది కదా. ఆ ఒక్కటీ పట్టుకుని నిలబడొచ్చు. తెర మీది ఈ కిటికీ మూసేస్తే, ఈ వరసలు చెరిపేస్తే, తొమ్మిదింటినీ చేత్తో సరిచేసేస్తే, లాగ్‌లో ఉండేది అతని పేరే. ఇది చదవగలిగేది ఇక్కడ ఎవరు? ఎవరూ లేరు. ఈ ఆలోచన ఎంత సాఫీగా వచ్చిందో చూసి ఆమెకే భయం వేసింది. పొద్దుటినుంచి అందరి మొహాల్లో వెతుకుతున్నది ఇదే. లేచింది. మెట్లు దిగి కౌంటరుకి వచ్చింది. దేవేంద్ర కుర్చీ ఖాళీగా ఉంది. ఎడమ చేతి పట్టె విరిగి ప్లాస్టిక్ మొన బయటికి పొడుచుకొచ్చి ఉంది. డ్రెస్సింగు టేపు చుట్టి ఉండేది దానికి, సగం ఊడి వేలాడుతోంది. మొన మీద నల్లగా ఎండిన చుక్క. కౌంటరు బల్ల మీద గ్లాసు మరక, గుండ్రంగా, కుర్చీకి ఎదురుగా. టీ తాగింది ఇక్కడ. పైన కరెంటు పోయిందని దిగొస్తే లేచి నిలబడ్డాడు. "నా సీట్లో కూకోండి మేడం. లాగిన్ తీసే ఉన్నాది. ఆ సెయ్యి జాగర్త, గీరేస్తాది. టీ తెస్తాను." పొద్దున అడగబోయింది ఇదే. మేడం, శనివారం నా సీట్లో కూర్చుంది మీరే కదా. అడగలేదు. మేడమే చెప్తుంది అనుకున్నాడు.

పదీ యాభై ఏడు. వరండాలో నరసింగరావు రెండు ఫోన్లు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు. సూరయ్య స్టూలు మీంచి లేచాడు. బెంచీల మీద అక్కచెల్లెళ్లతో కలిపి పది మంది, ఎవరి చేతుల్లో వాళ్ల చీటీలు. "ఆ చీటీలన్నీ వెనక్కి తీసుకో సూరయ్యా," అంది అర్చన. "తొమ్మిది తప్పు. ఇవాళ నువ్వు మొహం చూసి ఎక్కించు. పెద అయితే పెద అని, సిన అయితే సిన అని అడిగి మరీ ఎక్కించు." సూరయ్య చెయ్యి చాపి చీటీలు ఏరడం మొదలెట్టాడు.

"తొమ్మిదా," అన్నాడు నరసింగరావు. "తొమ్మిది మందిని మార్చేసినాడా ఎదవ? పోలీసులకి పేరు రాసివ్వాలి. దేవేంద్ర ఇంటిపేరు ఏటి?"

"ఆగండి సర్. దేవేంద్ర కాదు."

సిన అసిరమ్మ అక్క భుజం పట్టుకుని లేచి నిలబడింది. వాచిన కాళ్ల మీద తూలింది, అయినా చూపు తప్పలేదు. "మావోడు కాదని నాకు ముందే తెల్సు. మరెవులమ్మా? పేరు సెప్పు."

స్టోర్ గదిలో అలికిడి ఆగింది. గడియకి అవతల అతను వింటున్నాడు. అర్చన కుర్తా చెయ్యి మోచేతి పైదాకా మడిచింది, అందరికీ కనబడేలా.

"శనివారం అయిదూ నలభైకి, దేవేంద్ర కుర్చీలో కూర్చుని, అతను తెచ్చిన టీ తాగుతూ, అతని లాగిన్‌లోంచి నీ పేరు ముందున్న సిన తీసేసి, మీ అక్క రక్తం చూసి నీ గది మార్చింది," అంది, "అర్చన."